పనికి తగిన పనిముట్టు

పనిముట్టు మనిషి చేతికి పొడిగింపు వంటిది. రైతుకు నాగలి, వడ్రంగికి బాడిస, కుమ్మరికి సారె, లేఖకునికి గంటం ఆయా వృత్తులవారి నేర్పును లోకానికి అందించిన సాధనాలు. పూర్వం వీటిని ఎంచుకోవడంలో పెద్ద చిక్కు ఉండేది కాదు. ఊరి వడ్రంగి రైతు ఎత్తును, ఎద్దుల బలాన్ని, నేల స్వభావాన్ని చూసి నాగలిని చెక్కి ఇచ్చేవాడు. చేసేవాడూ వాడేవాడూ ఒకే ఊరివారు కావడంతో, నాగలి కుదరకపోతే మరునాడే తీసుకొనిపోయి సరిచేయించుకొనే వీలుండేది.

నేడు లక్షలాది ఉద్యోగులకు ల్యాప్‌టాప్‌ నిత్యజీవన సాధనమైనది. దానిని రూపొందించినవారు ఒక దేశంలో, విడిభాగాలు తయారుచేసినవారు మరికొన్ని దేశాలలో ఉంటారు. కొనుగోలుదారు చేసే పని ఏమిటో వారికి తెలియదు. యంత్రంలో ఏముందో కొనుగోలుదారుకు తెలియదు. ఈ రెండు అజ్ఞానాల నడుమ నిలిచి ఒక వస్తువును ఎంచుకోవలసి రావడమే నేటి వినియోగదారుని ప్రధాన సమస్య. ఆ సమస్య స్వరూపాన్ని, దానిని దాటే మార్గాన్ని తెలుసుకోవడం చదువు ముగించి ఉద్యోగంలో ప్రవేశించబోయే ప్రతి విద్యార్థికీ అవసరం.

ఒడిలోకి వచ్చిన కంప్యూటరు

మోసుకొని పోగల కంప్యూటరు చరిత్ర చాలా పాతదేమీ కాదు. 1981 ఏప్రిల్‌లో అమెరికాలో వెలువడిన ‘ఆస్బోర్న్‌ 1’ అనే యంత్రం దాదాపు 11 కిలోల బరువుండేది. దాని తెర పరిమాణం 5 అంగుళాలు మాత్రమే. అందులో బ్యాటరీ అమర్చి ఉండేది కాదు. కాబట్టి దానిని ఎక్కడికైనా మోసుకొని వెళ్లవచ్చు గాని, అక్కడ విద్యుత్తు ఉంటేనే అది పనిచేసేది. మరుసటి ఏడాది, అంటే 1982లో వచ్చిన ‘గ్రిడ్‌ కంపాస్‌’ పుస్తకం వలె తెరచి మూసే రూపంతో వెలువడింది. నేటి ల్యాప్‌టాప్‌లకు ఆ రూపమే ఆదర్శం.

మన దేశంలో చాలాకాలం ల్యాప్‌టాప్‌ నగరాలలోని కార్యాలయాలకే పరిమితమై ఉండేది. కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్‌ అమలులోకి వచ్చినప్పుడు ఎందరో ఉద్యోగులు స్వగ్రామాలకు చేరుకొని, ఇంటి నుండే విధులు నిర్వర్తించారు. పల్లెలోని మధ్యగది కార్యాలయమైనది. అప్పటినుండి ల్యాప్‌టాప్‌ ఎంపిక పల్లె కుటుంబాల ముంగిట కూడా నిలిచిన ప్రశ్న అయినది.

ప్రత్తిపాడు నుండి గుంటూరుకు

గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు తన పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న ఊరు. చుట్టూ నల్లరేగడి భూములు. ప్రత్తి, మిరప అక్కడి ప్రధానమైన పంటలు. ఆ ఊరి రైతు కుటుంబంలో వాణిజ్యశాస్త్రంలో పట్టా పొందిన ఒక యువతి ఉన్నదని భావించవచ్చు. ఇంటినుండే లెక్కలు చూసే ఉద్యోగం ఆమెకు లభించింది. పది రోజులలో విధులలో చేరాలి. ల్యాప్‌టాప్‌ ఎవరికి వారే సమకూర్చుకోవాలన్నది నియమం. మిర్చి అమ్మగా వచ్చిన సొమ్ములో అప్పులు, కూలీల ఖర్చులు పోగా మిగిలినదానిలోనుండి 50,000 రూపాయలు తండ్రి ఆమె చేతిలో పెట్టాడు. ఆ సొమ్ము వృథా అయితే తిరిగి సమకూర్చుకోవడానికి మరొక పంటకాలం పడుతుంది.

తండ్రీ కూతుళ్లు గుంటూరులోని ఒక దుకాణానికి వెళ్లారు. అక్కడ బల్లలపై నలభై ల్యాప్‌టాప్‌లు వరుసగా వెలుగుతున్నాయి. అన్నీ నల్లగానో వెండిరంగులోనో ఒకే తీరుగా ఉన్నాయి. ధరలలో మాత్రం వేల రూపాయల తేడా. ఒక్కొక్కదాని ముందు అంటించిన చీటీపై అంకెలు, అక్షరాలు. ఆ తేడాకు కారణమేమని అడిగితే, “ఇది ఐ ఫైవ్‌, అది ఐ సెవెన్‌ మేడం” అని సమాధానం. మరి రెండు ఐ ఫైవ్‌ యంత్రాల మధ్య పదివేల వ్యత్యాసం ఎందుకని అడిగితే, “ఇది కొత్త జనరేషన్‌. అందరూ దీనినే తీసుకుంటున్నారండీ” అన్నాడు అమ్మకందారు.

తండ్రి చిన్నగా నవ్వి కూతురితో, “అందరూ వేసిన విత్తనం మన చేలో పండాలని లేదుగా అమ్మా! ఇంటికి పోయి ఆలోచిద్దాం పద” అన్నాడు.

అంకెల చిక్కు

ఆ చీటీలపై ఉన్న అంకెలు అబద్ధాలు కావు. అయితే వాటిలో కొన్ని కొలతలు, కొన్ని పేర్లు మాత్రమే. ఈ తేడా తెలియకపోవడమే సగం చిక్కుకు కారణం.

కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసర్‌. ఐ 3, ఐ 5, ఐ 7 అనేవి ఇంటెల్‌ సంస్థ ఇచ్చిన శ్రేణుల పేర్లు. 5 కంటె 7 పెద్దది కాబట్టి ప్రతి ఐ 7 ప్రతి ఐ 5 కంటె వేగవంతమని అర్థం కాదు. పాత తరపు ఐ 7 కంటె కొత్త తరపు ఐ 5 మెరుగుగా పనిచేయవచ్చు. చివరనుండే ‘యు’ అనే అక్షరం తక్కువ విద్యుత్తు వాడే రకాన్ని, ‘హెచ్‌’ అనే అక్షరం ఎక్కువ విద్యుత్తుతో ఎక్కువ శక్తినిచ్చే రకాన్ని సూచిస్తాయి. పేర్లను బట్టి తరాన్ని పోల్చుకోవడం కూడా అన్నివేళలా సులభం కాదు. ఏఎండీ సంస్థకు చెందిన రైజెన్‌ 5 7520యు, రైజెన్‌ 5 7540యు అనే రెండు ప్రాసెసర్ల పేర్లలో ఒక్క అంకె మాత్రమే తేడా. కాని మొదటిదానిలోనిది 2019 నాటి ‘జెన్‌ 2’ నిర్మాణం, రెండవదానిలోనిది 2022 నాటి ‘జెన్‌ 4’ నిర్మాణం. పేరులోని మూడవ అంకె నిర్మాణాన్ని తెలుపుతుందన్న సంగతి సామాన్య కొనుగోలుదారుకు తెలిసే అవకాశం తక్కువ.

మిరప రైతుకు ఇటువంటి అంకెలు కొత్తవి కావు. గుంటూరు సమీపంలోని లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రం రూపొందించిన ఎల్‌.సి.ఏ. 334 అనే మిరప వంగడాన్ని రైతులు ‘మూడువందల ముప్పై నాలుగు’ అనే పిలుస్తారు. 334 అనేది ఆ వంగడానికి పేరు. 353 అనే వంగడం దానికంటె పందొమ్మిది పాళ్లు మెరుగైనదని ఏ రైతూ అనుకోడు. ప్రాసెసర్ల పేర్లను కూడా ఆ విధంగానే అర్థం చేసుకోవాలి.

ఇక కొలతల సంగతి. ర్యామ్‌ అనేది పని జరిగే బల్ల వంటిది. బల్ల ఎంత పెద్దదైతే అన్ని కాగితాలను ఒకేసారి పరచుకోవచ్చు. దీనిని గిగాబైట్లలో కొలుస్తారు. 8 గిగాబైట్ల కంటె 16 గిగాబైట్లు నిజంగానే రెట్టింపు. అయితే కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను లోపలి పలకకే అతికివేస్తారు. అటువంటివాటిలో తరువాత పెంచుకొనే అవకాశం ఉండదు. ఈ విషయం చీటీపై సాధారణంగా కనిపించదు. అడిగి తెలుసుకోవలసినదే.

దస్త్రాలను శాశ్వతంగా దాచే భాగం బీరువా వంటిది. తిరిగే పళ్లెం గల పాత హార్డ్‌డిస్క్‌ కంటె కదిలే భాగాలు లేని ఎస్‌.ఎస్‌.డి. ఎన్నోరెట్లు వేగవంతం. 512 గిగాబైట్ల ఎస్‌.ఎస్‌.డి. కొని ఇంటికి తెచ్చి చూస్తే తెరపై 476 అని కనిపిస్తుంది. మోసపోయామని చాలామంది భావిస్తారు. తయారీదారులు గిగాబైటును వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్‌ మాత్రం 1,024ను మూడుమార్లు హెచ్చించగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. వస్తువు తగ్గలేదు. కొలిచే కుంచం మారింది.

బ్యాటరీ ‘12 గంటల వరకు’ పనిచేస్తుందనే ప్రకటనలో ‘వరకు’ అన్న మాటను జాగ్రత్తగా గమనించాలి. తెర వెలుగు తగ్గించి, తేలికైన పని చేయించి సాధించిన గరిష్ఠ కాలం అది. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్‌-గంటలలో తెలుపుతారు. 50 వాట్‌-గంటల బ్యాటరీ గల యంత్రం సగటున 10 వాట్లు వాడుకుంటే 5 గంటలు పనిచేస్తుంది. వీడియో సమావేశాలవల్ల వాడకం 20 వాట్లకు పెరిగితే రెండున్నర గంటలలోనే ఆగిపోతుంది. ఈ చిన్న భాగహారం ప్రకటనకంటె నమ్మదగినది.

చీటీపై లేని మరికొన్ని సంగతులు పనిని ఎక్కువగా ప్రభావితం చేస్తాయి. అనేక ల్యాప్‌టాప్‌లు 35 డిగ్రీల సెల్సియస్‌ పరిసర ఉష్ణోగ్రత వరకు పనిచేసేటట్లు రూపొందించినవి. గుంటూరు సీమలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడిమి పెరిగినప్పుడు ప్రాసెసర్‌ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. దుకాణంలోని చల్లని గదిలో పరుగులు తీసిన యంత్రం మే నెలలో పల్లెటూరి ఇంట్లో నత్తనడక నడవవచ్చు. పాత ల్యాప్‌టాప్‌ కొనదలచినవారు మరొక విషయాన్ని గుర్తించాలి. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్‌ 14తో ముగిసింది. విండోస్‌ 11కు అర్హతలేని పాత యంత్రాన్ని చవకగా లభించినదని కొనడం వల్ల భద్రతాలోపాలు కూడా వెంటవస్తాయి.

విత్తనాలు నేర్పిన పాఠం

పేర్లు అధికమై, లోపలి సారం కనబడని సంతలో మనిషి ఏవిధంగా ప్రవర్తిస్తాడు? ఈ ప్రశ్నకు ప్రత్తి విత్తనాల చరిత్రలో సమాధానం లభిస్తుంది. 2002 మార్చిలో మన దేశంలో బీటీ ప్రత్తి సాగుకు అనుమతి లభించినప్పుడు మూడు సంకర రకాలు మాత్రమే ఉండేవి. పదేళ్లు గడిచేసరికి ఆమోదం పొందిన రకాల సంఖ్య వెయ్యి దాటింది. ప్యాకెట్టుపై రంగుల బొమ్మ, ఆకర్షణీయమైన పేరు తప్ప లోపలి గింజలో తేడా కంటికి కనిపించదు.

అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త గ్లెన్‌ డేవిస్‌ స్టోన్‌ వరంగల్‌ జిల్లా ప్రత్తి రైతుల విత్తన ఎంపికను పరిశీలించి, 2007లో తన పరిశోధనను ప్రచురించాడు. ఒక గ్రామంలో ఒక ఏడాది అందరూ ఒకే విత్తనానికి ఎగబడడం, కొద్దికాలానికే దానిని విడిచి మరొకదాని వెంటపడడం ఆయన గమనించాడు. ప్రక్కవానిని చూసి ప్రతివాడూ, ఆ ప్రతివానిని చూసి ప్రక్కవాడూ అనుసరించారు. రైతులు అవివేకులు కావడం ఇందుకు కారణం కాదు. విత్తనాలు, వాటి పేర్లు అతివేగంగా మారిపోవడం వల్ల, స్వయంగా పరీక్షించి నేర్చుకొనే తరుణం వారికి చిక్కలేదు. అనుభవం ద్వారా సంపాదించే నైపుణ్యం ఆ విధంగా క్షీణిస్తుందని ఆయన వివరించాడు.

ల్యాప్‌టాప్‌ విషయంలోనూ ఇదే జరుగుతున్నది. ఒకసారి కొన్నవారు మళ్లీ కొనేసరికి నాలుగైదేళ్లు గడుస్తాయి. అప్పటికి పేర్లన్నీ మారిపోయి, పాత అనుభవం అక్కరకు రాకుండా పోతుంది. అందుచేతనే ‘అందరూ తీసుకుంటున్నారు’ అనే మాటకు అంత బలం.

అధికమైన అవకాశాల భారం

అవకాశాలు పెరిగితే సంతోషం పెరగాలి. అన్నివేళలా అట్లు జరగదని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. షీనా అయ్యంగార్‌, మార్క్‌ లెపర్‌ అనేవారు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం ప్రసిద్ధమైనది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో 24 రకాల పండ్ల జాములను ఉంచినప్పుడు ఎక్కువమంది ఆగి చూశారు గాని, ఆగినవారిలో కొన్నవారు సుమారు నూటికి ముగ్గురే. 6 రకాలు మాత్రమే ఉంచినప్పుడు నూటికి ముప్పైమంది కొన్నారు. ఈ ఫలితం అన్నిచోట్లా ఒకే విధంగా రాదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. వస్తువుల మధ్య పోలిక క్లిష్టమైనప్పుడు, తనకేమి కావాలో కొనేవానికే తెలియనప్పుడు ఈ భారం ఎక్కువగా కనిపిస్తుందని అవి సూచించాయి. ల్యాప్‌టాప్‌ కొనుగోలులో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి.

1978లో అర్థశాస్త్రంలో నోబెల్‌ బహుమతి పొందిన హెర్బర్ట్‌ సైమన్‌ ఈ చిక్కుకు ఒక పరిష్కారాన్ని ఎంతో ముందే సూచించాడు. లోకంలోని అన్ని అవకాశాలను పరిశీలించి అత్యుత్తమమైనదానిని కనుగొనే శక్తి, సమయం మనిషికి లేవు. కాబట్టి తన అవసరానికి ఒక కనీస ప్రమాణాన్ని ఏర్పరచుకొని, దానికి సరిపోయినది లభించగానే అన్వేషణను ఆపడమే వివేకమని ఆయన భావం. దీనికి వ్యతిరేకంగా, ఎల్లప్పుడూ అత్యుత్తమమైనదే కావాలని తపించేవారు ఉంటారు. ఉద్యోగాలు వెదుకుతున్న కళాశాల విద్యార్థులపై జరిపిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. అత్యుత్తమం కోసం తపించినవారికి ఇతరులకంటె 20 శాతం అధిక వేతనం లభించింది. అయినప్పటికీ తమ ఎంపికపట్ల వారి సంతృప్తి తక్కువగానే ఉన్నది.

పనిని కొలవడం

ఇంటికి తిరిగి వచ్చిన ఆ రాత్రి యువతి ఫోనులో ఒకదాని తరువాత ఒకటిగా సమీక్షలు చూసింది. ఒకరు మెచ్చినదానిని మరొకరు తెగిడారు. ధర ఒకచోట ఒకటి, మరొకచోట మరొకటి. వచ్చే నెలలో ఇంకా మంచి నమూనా రానున్నదని వేరొకరి హెచ్చరిక. ఆమె విసిగి ఫోను ప్రక్కన పడవేసింది. అప్పుడు తండ్రి, “యార్డులో మంచి మిర్చి అంటే ఏది తల్లీ?” అని అడిగాడు.

“తేజ కదా నాన్నా” అన్నది ఆమె.

“కారం కావలసినవాడికి తేజ. రంగు కావలసినవాడికి బ్యాడిగ. ఏ పనికో చెప్పకుండా మంచిదేదని అడిగితే యార్డంతా తిరిగినా తెమలదు. నీ పనేమిటో ముందు చెప్పు” అన్నాడాయన.

ఆమె కాగితం తీసుకొని తన పనిని వ్రాసింది. రోజుకు ఎనిమిది గంటలు లెక్కల సాఫ్ట్‌వేర్‌, పెద్ద పట్టికలు, ఒకేసారి తెరచి ఉంచే పది పన్నెండు పేజీలు, దినానికి రెండు వీడియో సమావేశాలు. ఆటలు లేవు, చలనచిత్రాల కూర్పు లేదు. ఆ కాగితమే కొలబద్ద అయినది. పట్టికల కోసం 16 గిగాబైట్ల ర్యామ్‌ అవసరం. 512 గిగాబైట్ల ఎస్‌.ఎస్‌.డి. చాలు. మధ్యస్థమైన ప్రాసెసర్‌ సరిపోతుంది. ఖరీదైన గ్రాఫిక్స్‌ కార్డు అనవసరం. రోజంతా అంకెలు కొట్టాలి కాబట్టి కీబోర్డులో కుడివైపు అంకెల మీటలు ప్రత్యేకంగా ఉండాలి. ఈ చివరి సంగతి ఏ ప్రకటనలోనూ ప్రముఖంగా లేదు. ఆమె వ్రేళ్లకు మాత్రం అన్నింటికంటె ముఖ్యమైనది అదే.

మరునాడు దుకాణంలో ఆ కాగితాన్ని చూపగానే నలభై ల్యాప్‌టాప్‌లు మూడుకు తగ్గాయి. ఆ మూడింటిపై ఆమె పదేసి నిమిషాలు టైపు చేసి చూసింది. తెరను ప్రక్కనుండి, వెలుతురులో పరిశీలించింది. తండ్రి యార్డులో కాయను విరిచి చూసే శ్రద్ధతోనే తెర మడతను మెల్లగా కదిపి చూశాడు. కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుందని, చెడిపోతే బాగుచేసే కేంద్రం గుంటూరులో ఉన్నదా అని అడిగాడు. ర్యామ్‌ పెంచుకోవచ్చునా అని కూతురు అడిగింది. చివరకు 47,000 రూపాయలకు ఒకదానిని ఎంచుకొన్నారు. పెట్టెపై ఉన్న సంఖ్యను, యంత్రంపై ఉన్న సంఖ్యను సరిపోల్చి, రసీదును, వారంటీ పత్రాన్ని భద్రపరచుకొన్నారు. వస్తువులో లోపముంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే హక్కు ఉన్నది. ఆ హక్కుకు రసీదే ప్రధానమైన ఆధారం.

పది రోజుల తరువాత అదే ధరకు కొంచెం మెరుగైన నమూనా ప్రకటన కనిపించి ఆమె మనసు చివుక్కుమన్నది. “సరుకు అమ్మివచ్చిన మరునాడు ధర అడగకూడదమ్మా. ఆ పూటకు మనం చూసుకున్నది సరిగా చూసుకున్నామా లేదా, అదే లెక్క” అన్నాడు తండ్రి. ఆమె ప్రకటనను మూసి, ఆనాటి పట్టికను తెరచింది.

ముగింపు

కొనుగోలుదారుని భారాన్ని కొంతవరకు ప్రమాణాలు తగ్గించగలవు. ఒకప్పుడు ఒక కంప్యూటరులో టైపు చేసిన తెలుగు మరొక కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనబడేది. ప్రపంచ భాషల లిపులకు ఏకరూపత కల్పించిన యూనికోడ్‌ ప్రమాణంలో 1991 నుండి తెలుగుకూ స్థానం ఉన్నది. అది వాడుకలో స్థిరపడిన తరువాత ఆ చిక్కు చాలావరకు తొలగింది. ఛార్జర్ల విషయంలో ఐరోపా సమాఖ్య ఒకే రకపు యూఎస్‌బీ-సి అమరికను తప్పనిసరి చేస్తూ, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్‌ 28ని గడువుగా విధించింది. చీటీపై ఏమి వ్రాయాలో, ఎట్లా కొలవాలో కూడా ఇటువంటి నియమాలు ఏర్పడిననాడు ఎంపిక మరింత సులభమవుతుంది.

అంతవరకు కొనుగోలుదారునికి తన పనిని గురించిన స్పష్టతే రక్ష. యంత్రాన్ని గురించి సర్వమూ తెలిసినవారు అరుదు. తన పనిని గురించి తెలుసుకోవడం మాత్రం ప్రతివానికీ సాధ్యమే. రైతు విత్తనం కొనేముందు తన నేలను తలచుకొన్నట్లే, పనిముట్టు కొనేవాడు ముందుగా తన పనిని తలచుకోవాలి. అప్పుడు అంగడిలోని అంకెలు అతనిని శాసించవు. అతని ప్రశ్నలకు సమాధానాలుగా మారుతాయి.